అదే పేరుతో తిరిగొచ్చిన ఫోటో

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చెల్లుబాటు నేను పుట్టకముందే పోయిన మా అప్పది. అప్ప అంటే అక్క, మా వైపు అలాగే అంటాం. పేరు కూర్మమ్మ. శ్రీకూర్మంలో మొక్కుకున్నాక పుట్టిందని మా నాన్నమ్మ పట్టుబట్టి పెట్టిన పేరు. ఐదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయింది. అప్పటికి మా అన్నయ్య మోహనకృష్ణ చంకలో పిల్లాడు. తర్వాత కొన్నాళ్ళకి నేను పుట్టాను, దుర్గాభవానిని.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, మా అమ్మ సుభద్రమ్మ దగ్గర అది మరీ ఎక్కువ. నేను అన్నం వదిలేస్తే, అప్ప పళ్ళెంలో మెతుకు మిగిల్చేది కాదట. నేను ఎదురు మాట్లాడితే, అప్ప నోట్లో నాలుక లేని పిల్లట. ఐదేళ్ళకే పోయినదానికి ఇన్ని మంచి గుణాలు ఎప్పుడు పట్టాయో ఆ దేవుడికే తెలియాలి. పదో తరగతిలో ఉండగా ఒకసారి కోపం పట్టలేక, "అదీ ఇన్నాళ్ళు బతికుంటే నీ సేత తన్నులు తినీది" అనేశాను. అమ్మ నన్ను కొట్టలేదు. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. కొట్టినా బావుండేది.

అప్పకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో. మా పిన్ని నారాయణమ్మ పెళ్ళిలో అందరూ కలిసి తీయించుకున్నది. అందులో ఓ చివర్న, ఎవరిదో పట్టుచీర కొంగు చాటున, సగం కనిపిస్తూ నిలబడి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరో పిలిచినట్టున్నారు, తల తిప్పింది. అందుకని ముఖం మసక. నోరు తెరిచి ఉందని తెలుస్తుంది, అంతే. నాకైతే ఆ ముఖంలో ఎప్పుడూ ఏమీ కనిపించలేదు. అమ్మకి మాత్రం అన్నీ కనిపించేవి. "సూడే, మీ అప్ప ఎలగ నవ్వుతన్నాదో" అనేది. నవ్వో ఏడుపో నాకు తెలిసేది కాదు గానీ, తల ఊపేదాన్ని.

ఆ ఫోటో అద్దం ఫ్రేములో గోడకి ఉండేది. పెద్ద తుఫాను వచ్చిన ఏడు మా పైకప్పు రేకులు లేచిపోయి ఇల్లంతా తడిసింది. ఫోటో అద్దానికి అంటుకుపోయింది. ఊడదీసే ముందు ఎందుకైనా మంచిదని అన్నయ్య దాన్ని ఎండలో పెట్టి అమ్మ ఫోనుతో ఒక ఫోటో తీశాడు. అదే మంచిదైంది. లాగితే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మిగిలారు గానీ, అప్ప ఉన్న వైపంతా అద్దంతోపాటు పొరలుపొరలుగా ఊడిపోయింది. అప్పట్నుంచి అప్ప అమ్మ ఫోన్లో ఉంటోంది.

దానికి అమ్మ ఒక కట్టడి పెట్టింది. ఆ ఫోటో ఎవరికీ పంపకూడదు. రెండు చోట్ల ఉండకూడదు. "పోయినోలు ఒక్క సోట కుదురుగా ఉండాల. పది ఫోన్లలోకి పంపితే పిల్ల ఎక్కడని ఉంటాదే? తిరిగి తిరిగి అలిసిపోదా?" అనేది. తన దగ్గరి కాపీ ఎప్పుడో పోయిందని పిన్ని అడిగినా పంపలేదు. అమ్మ ఫోను మార్చినప్పుడల్లా అన్నయ్య ఫోటోని కొత్త ఫోన్లోకి ఎక్కించి, పాతదాంట్లోంచి అమ్మ కళ్ళ ముందే తీసేయాలి. తీసేసినట్టు అమ్మ రెండుసార్లు చూసుకునేది. నేను గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ ఆధార్ కార్డులూ పాసుబుక్కులూ స్కాన్ చేసి ఎక్కించడమే నా ఉద్యోగం. అలాంటి దాని ఇంట్లో ఈ చాదస్తం. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకున్నాను.

ఈ వేసవిలో నాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయి దేవేంద్ర, కొత్తవలసలో రైల్వే ఉద్యోగం. ముహూర్తం పెట్టుకున్న రోజే అమ్మ అప్ప మాట ఎత్తింది.

మా ఇళ్ళల్లో పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్ల ఇంటి పేరంటాలవుతుంది. ఏ శుభకార్యం తలపెట్టినా ముందు ఆవిడని పిలవాలి. శుక్రవారం పూట గోడకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొత్త బట్టలూ గాజులూ పువ్వులూ ముందర పెట్టి, పరమాన్నం వండి, పేరు పెట్టి పిలుస్తారు. ఆ తర్వాతే పెళ్ళి పనులు. అంటే నా పెళ్ళికి మొదటి కొత్త బట్టలు కూడా నావి కావన్నమాట. అలవాటైపోయింది.

"ఇన్నాళ్ళూ గోడకే బొట్టు ఎట్టినాను," అంది అమ్మ అన్నయ్యతో. "ఈ పాలి దాని మొకానికే ఎట్టాలని ఉన్నాది రా. పెల్లికి అదీ ఉండాల. నువ్వు ఊర్లోవోల ఫోటోలన్నీ బాగుసేస్తావు కదా. మీ అప్పది పెద్దది సేసి ఇయ్యి."

అన్నయ్య ముఖం వెలిగిపోయింది. వాడు విజయనగరంలో ఇంజనీరింగ్ చదివాడు. వైజాగులో ఒక కంపెనీలో కొన్నాళ్ళు చేసి, అక్కడ పడక వచ్చేశాడు. ఇప్పుడు విజయనగరం కోట దగ్గర స్టూడియో ఉన్న గోపి గారికి ఒక వెబ్‌సైటు కడుతున్నాడు. ఎవరింట్లో పాత ఫోటో ఉన్నా ఆ సైటులోకి ఎక్కిస్తే చాలు, మరకలు తుడిచి, చిరుగులు అతికి, మసక పోగొట్టి తిరిగి ఇస్తుంది. స్టూడియో దాకా రానక్కర్లేదు.

"అంటే దర్జీ కొట్టు," అన్నాను నేను. "గుడ్డ తీసుకుని కుట్టి ఇయ్యడమే కదా."

"నీకలాగే ఉంటాది," అన్నాడు వాడు. ఫోటో అని చెప్పి సినిమా పాట ఎక్కించేవాళ్ళుంటారట. సెల్లు పట్టనంత పెద్ద ఫైలు పంపేవాళ్ళుంటారట. ఇద్దరు మనుషులు ఒకే పేరున్న ఫైళ్ళు పంపితే, ఒకదాని నెత్తిమీద ఇంకోటి కూర్చుని మొదటిది లేకుండా పోతుందట. అందుకని వాడు వచ్చిన ప్రతి ఫోటోకీ అంకెలూ అక్షరాలూ కలిపి ఒక తలాతోకా లేని పేరు తగిలించి దాచేవాడు. ఇవన్నీ తెలిసినవాడే మా అన్నయ్య. తెలియక చేశాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

అయితే గోపి గారికి ఆ పేర్లు నచ్చలేదు. తిరిగొచ్చిన ఫోటో ఏదో తెలియక జనం స్టూడియోకి ఫోన్లు చేస్తున్నారట. "ఇచ్చిన పేరుతోనే తిరిగి రావాలయ్యా," అని కచ్చితంగా చెప్పాడు. అన్నయ్య ఆ మార్పు చేశాడు. ముఖాలని తేటపరిచే కొత్త ఏఐ సరుకేదో దొరికితే దాన్నీ అదే చేత్తో అతికించాడు. తిరిగి ఇచ్చేటప్పుడు మార్చాల్సిన పేరుని, దాచేటప్పుడే మార్చేశాడు. ఒక్క లైను. ఆ లైను నాకు తర్వాత చూపించాడు. నా వేలెడు పొడుగు కూడా లేదు.

మార్చాక ఇంకో ఫోటో ఏదైనా వేసి చూసుకోవాలి కదా. చూసుకోలేదు. ఎందుకంటే కొత్త పనికి బోణీ అమ్మ చేతి మీద కావాలి, అదీ అప్ప ఫోటోతో కావాలి. మా నాన్న జగన్నాధం ఒక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. అక్కడ కొత్త కొలిమి ముట్టించినా కొబ్బరికాయ కొట్టందే మొదలుపెట్టరు. ఆ ఇంట్లో పుట్టినవాడు లాప్‌టాప్‌కి మాత్రం బోణీ లేకుండా ఊరుకుంటాడా? ఊళ్ళోవాళ్ళ ఫోటో ముందు వేస్తే అప్పది ఎంగిలైపోతుందనుకున్నాడు.

బుధవారం పొద్దున్న తలంటు పోసుకుని కూర్చున్నాడు. లాప్‌టాప్ మూతకి కుంకుమ బొట్టు పెట్టాడు. అమ్మ ఫోనుకి తీగ తగిలించి, ఫోటోని లాప్‌టాప్‌లోకి లాగాడు.

"ఫోన్లోది తీసేసినావా?" అంది అమ్మ.

"పని అయిపోయినాక తీసేస్తానే."

"అప్పటిదాకా రెండు సోట్లా ఉంటాదా? తీసీ. పని అయినాక మల్లీ ఇందులోకే ఎట్టీ."

తీసేశాడు. అమ్మ ఫోను అటూ ఇటూ తిప్పి చూసుకుని, సరే అంది. అన్నయ్య సైటు తెరిచి, ఫోటోని ఎంచి, "ఇదిగో ఇక్కడ నొక్కు" అని అమ్మ వేలు పట్టుకుని చూపించాడు. శుక్రవారం గోడకి రాసే పసుపు దంచుతూ లేచొచ్చింది అమ్మ. వేలు చీరకి తుడుచుకుని, లోపల ఏదో గొణుక్కుని, నొక్కింది.

తెర మీద చక్రం తిరిగింది. అమ్మా, నాన్నా, నేనూ, పసుపు దంచడానికి వచ్చిన పక్కింటి గురమ్మత్తా, అందరం ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. ఫోటో తిరిగొచ్చింది. అదే పేరుతో. అన్నయ్య దాన్ని తెర నిండా పరిచాడు.

ఎంత బావుందో చెప్పలేను. అద్దం మీద పడ్డ ఎండ మెరుపు లేదు. మసక లేదు. పట్టుచీర కొంగు పక్కన ఐదేళ్ళ పిల్ల, నున్నటి బుగ్గలు, తీర్చినట్టున్న కనుబొమలు, మెరిసే రెండు కళ్ళు, పెదాలు కొంచెం విచ్చుకుని చక్కటి పలువరస. ఇరవై ఐదేళ్ళుగా నన్ను వేపుకుతిన్న మనిషిని మొదటిసారి చూస్తున్నాను. దానిమీద నాకున్న కోపం ఏమైందో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ ఒక అప్ప ఉండేదని అప్పుడు అనిపించింది.

"ఓలమ్మో! అచ్చం మన దుర్గ లాగే ఉన్నాది కదా!" అంది గురమ్మత్త.

నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మా తల్లే" అన్నాడు.

అమ్మ మాత్రం తెర దగ్గరికి వంగింది. వెనక్కి జరిగింది. మళ్ళీ వంగింది. కళ్ళు సరిగా ఆనట్లేదేమోనని నేను కళ్ళజోడు తెచ్చిచ్చాను. పెట్టుకుని చూసింది.

"బావున్నాది రా," అంది చివరికి. "బంగారు బొమ్మలాగున్నాది. ఎవులి గుంట?"

ఎవరి పిల్ల అని అడుగుతోంటే మేం నవ్వబోయాం. అమ్మ నవ్వలేదు.

"అప్పేనే," అన్నాడు అన్నయ్య. "మసక పోయింది కదా, అందుకే కొత్తగా ఉన్నాది."

"కూర్మికి కన్ను మెల్ల కదరా," అంది అమ్మ. "మెల్ల ఏదీ? పై పన్ను ఊడిపోయి ఉండాల, పిన్ని పెల్లి ముందురోజే ఊడినాది. పన్ను ఎలగొచ్చీసింది?"

నేను అన్నయ్య ముఖం చూశాను, వాడు నా ముఖం చూశాడు. అప్పకి మెల్లకన్ను ఉందని మా ఇద్దరికీ తెలియదు. అప్పకి ఒక వంక ఉందని నేను వినడమే అదే మొదలు. పోయినదానికి వంక పెట్టకూడదని అమ్మ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదట. ఆ మసకలో మాకేమీ కనిపించని చోట తనకి ఆ మెల్ల కనబడేదట. తను చూసుకునేది దాన్నేనట.

అన్నయ్య నెమ్మదిగా చెప్పాడు. ఆ సరుకుకి అప్ప ఎవరో తెలియదు. ఎక్కడెక్కడివో లక్షల ముఖాలు చూసి నేర్చుకుంది. మసకగా ఉన్నచోట, మామూలుగా పిల్లల కళ్ళు ఎలా ఉంటాయో అలాంటి కళ్ళు తెచ్చి పెట్టేసింది. "ఇది వద్దులే అమ్మా. పాతదే ఉన్నదున్నట్టు పెద్దది సేసి ఫ్రేము కట్టిస్తాను. మసకగానే ఉంటాది, పర్లేదు కదా?"

"మసకే నాకు కావాల," అంది అమ్మ.

వాడు ఫోటోలు దాచుకునే అర తెరిచాడు. అందులో అప్ప పేరుతో ఒకటే ఫోటో ఉంది. నొక్కితే, ఆ చక్కటి కళ్ళ పిల్లే వచ్చింది. మూసి మళ్ళీ తెరిచాడు. మళ్ళీ ఆ పిల్లే. తన సొంత లాప్‌టాప్ మీద చూసుకుంటున్నాడు కాబట్టి, సైటు ఫోటోలు దాచే చోటూ, తను అమ్మ ఫోన్లోంచి లాగి పెట్టిన చోటూ ఒక్కటే. పేరూ ఒక్కటే. కొత్త ముఖం తిన్నగా వెళ్ళి పాత ముఖం మీద కూర్చుంది. అన్నయ్య మెడ వెనక చెమట పట్టడం నేను చూశాను. అమ్మ అప్పటికే పసుపు రోలు దగ్గరికి వెళ్ళిపోయింది. పాతది ఉందన్నాడు కదా అని ధైర్యంగా వెళ్ళింది.

మర్నాడు వాడు లాప్‌టాప్, అమ్మ ఫోను రెండూ పట్టుకుని విజయనగరం పోయాడు. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. అమ్మకి ఫ్రేము కోసం అని చెప్పాం. గోపి గారు పాపం మంచివాడు. తనకి తెలిసిన, పోయిన ఫైళ్ళు వెతికే కొట్టుకి తనే తీసుకెళ్ళాడు. అక్కడతను సాయంత్రం దాకా తంటాలు పడ్డాడు. ఫోన్లో ఎప్పుడో తీసిన పొలం ఫోటోలు దొరికాయి, నా కాలేజీ ఫోటో దొరికింది, మా నాన్న చేపల బజారులో తీసిన కొరమీను దొరికింది. అప్ప దొరకలేదు.

"ఫోన్లో దాని చోటుని వేరేవి ఆక్రమించేశాయండీ. లాప్‌టాప్‌లో చెరిపేసినదైతే ఎక్కడో ఒక ముక్క ఉండేది," అన్నాడు అతను లాప్‌టాప్ మూసి ఇస్తూ. "ఇది చెరపలేదు. దాని మీదే రాసేశారు. ఇంక ఉండదు."

బస్సులో అన్నయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను తిట్టాను. పక్క సీటువాళ్ళు చూస్తున్నా తిట్టాను. "ఒక్క కాపీ, ఒరే, ఒక్కటంటే ఒక్కటి. మా ఆఫీసులో బియ్యం కార్డుకి కూడా రెండు కాపీలుంటాయి. పోయినదానికి పసుపూ కుంకుమా పెట్టడం వొచ్చింది గానీ, కాపీ తియ్యడం రానేదా నీకు?" చీపురుపల్లి దాటాక వాడి భుజాలు కదులుతున్నాయి. నాకు తిట్లు అయిపోయాయి. వాడి చెయ్యి పట్టుకున్నాను. తన రెండేళ్ళప్పుడు పోయిన అప్ప వాడికి మాత్రం ఏం గుర్తుంటుంది? నాకున్నట్టే వాడికీ ఆ మసకే ఉంది.

శుక్రవారం పొద్దున్న అమ్మ తెల్లారకముందే లేచి ఇల్లు కడిగింది. దేవుడి గది పక్క గోడకి పసుపు రాసింది. అప్పకి గులాబీరంగు గౌను కొన్నాం. చిన్నపిల్లల గాజులు, రిబ్బను, మూరెడు మల్లెపూలు. పరమాన్నం దింపి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఫ్రేము ఏదిరా?" అంది.

అన్నయ్య నిలబడి చెప్పేశాడు. మొదటినుంచి చివరిదాకా, ఏమీ దాచకుండా. నేను అమ్మ పక్కన నిలబడ్డాను, పడిపోతే పట్టుకుందామని. నాన్న గుమ్మంలో కూర్చున్నాడు.

అమ్మ పడిపోలేదు. అరవలేదు. "నా వేలితోనే కదా నొక్కినాను," అంది.

"నీ తప్పు నేదే అమ్మా. నా తప్పు. నాదే," అని అన్నయ్య ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. వాడు ఏడుస్తుంటే అమ్మ వాడి తల నిమిరింది. ఆ నిమరడం చూసి నాకు పట్టరాని దుఃఖం వచ్చింది. కొట్టకూడదా? తిట్టకూడదా? బతికున్న పిల్లలం మేమిద్దరం ఉన్నాం కదా అని అమ్మ తనని తను బిగబట్టుకుంటోంది. జీవితంలో మొదటిసారి మమ్మల్ని అప్పకంటే ముందర పెట్టింది. నాకు వద్దనిపించింది.

కాసేపటికి అన్నయ్య ముఖం తుడుచుకుని లేచాడు. లాప్‌టాప్ తెచ్చి అమ్మ ముందు పీట మీద పెట్టాడు. ఆ అందమైన పిల్ల ముఖం తెర నిండా ఉంది.

"సెప్పమ్మా," అన్నాడు. "నువ్వు సెప్పు, నాను దిద్దుతాను. సేత్తో దిద్దుతాను, మిసను వద్దు. పన్ను తీసేస్తాను. నోరు ఎంత తెరిసి ఉండాలో సెప్పు. బుగ్గ ఎలగుండాలో సెప్పు. నువ్వు సాలు అనీదాకా ఇక్కడే కూకుంటాను. ముందు కన్ను సెప్పు. ఏ కన్ను మెల్ల?"

అమ్మ ముఖంలో ఏదో ఆశ కదిలింది. ముందుకి జరిగి కూర్చుంది. నోరు తెరిచింది.

"ఎడమ కన్ను," అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

అమ్మ గిరుక్కున తిరిగింది. "ఎడమేటి? కుడిది. కన్నదాన్ని నాకు తెలీదేటి?"

"భుజమ్మీద ఎక్కించుకుని తిప్పినోడిని, నాకు తెలీదా? ఎడమదే."

"నువ్వెప్పుడు ఇంట్లో ఉన్నావు? డూటీలు నీకు. దానికి కాటుక ఎట్టింది నాను. కుడిది."

"అయితే కుడిది," అన్నాడు అన్నయ్య.

"ఉండరా," అంది అమ్మ. "ఉండు, తొందరపడకు." కళ్ళు మూసుకుంది. మేం ఎదురు చూశాం. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వస్తోంది, ఎవరం లేవలేదు. అమ్మ కనురెప్పలు గట్టిగా బిగించింది, నుదురు ముడతలు పడింది. తర్వాత కళ్ళు తెరిచి లాప్‌టాప్ వంక భయంగా చూసింది.

"కల్లు మూస్తే ఈ గుంటే వస్తన్నాది రా," అంది. "ఇదొచ్చి అడ్డం నిలబడిపోతన్నాది."

అన్నయ్య గబుక్కున లాప్‌టాప్ మూశాడు. అమ్మ పీట జరిపి, నేల మీద మోకాళ్ళ మీద నిలబడింది. ఎదురుగా పిల్ల నిలబడితే ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తుకి చెయ్యి చాపింది. "ఇలగ నా ఎదట నిలబడీది. నాను ఇలగ గెడ్డం పట్టుకుని కాటుక ఎట్టీదాన్ని. ఇటు పక్క కన్ను…" వేలు గాలిలో ఒక చోట ఆగింది. "కాదు. ఇటు." ఇంకో వైపు జరిగింది. మళ్ళీ మొదటి వైపుకి వచ్చింది. కాటుక పెట్టే వేలు అది.

"ఏవయ్యా," అంది నాన్నతో, ఇందాకటి గొంతు కాదు. "నువ్వు గట్టిగా సెప్పినావు కదా. నీకు గేపకమున్నాది కదా. నువ్వు సెప్పిందే కానీ. ఎడమే కదా?"

నాన్న తలెత్తలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాకెప్పుడో పోయిందే," అన్నాడు. "నాను తప్పు సెప్తే నువ్వు దిద్దుతావని అన్నాను."

అమ్మ చాపిన చెయ్యి అలాగే ఉంది, ఐదేళ్ళ పిల్ల ముఖం ఉండే ఎత్తులో. నేను వెళ్ళి ఆ చేతిని పట్టుకుని దించబోతే, నన్ను పక్కకి తొయ్యబోయి, అంతలోనే నా గెడ్డం పట్టుకుని నా కళ్ళల్లోకి చూసింది, ఏ పక్కదో అక్కడ దొరుకుతుందేమోనన్నట్టు, ఒకదాని తర్వాత ఇంకొకటి, చాలాసేపు.